పుట్టి తిరిగింది, చేయి తిరగలేదు

కృష్ణ ఒడ్డున రేవుకొట్టాల అనే ఊళ్ళో మద్దిలేటి అనే యువకుడు ఉండేవాడు. ఏ పనైనా కాస్త పట్టుబడగానే ఇక అంతా వచ్చేసినట్టే అనుకోవడం అతని గుణం.

అతను కర్నూలులో ఒక దర్జీ దగ్గర చేరాడు. కాజాలు కుట్టడం రాగానే "తెలిసిపోయింది" అని ఊరికి వచ్చేశాడు. ఇంట్లో తన కోసం కుట్టుకున్న మొదటి చొక్కాకు ఒక చేయి మోచేతి దాకా వచ్చింది, రెండోది వేళ్ళను కూడా కప్పేసింది. తర్వాత డప్పు నేర్చుకుంటానన్నాడు. ఒక్క దరువు పలకగానే "తెలిసిపోయింది" అని డప్పును గోడకు తగిలించాడు. మళ్ళీ దాన్ని దించింది లేదు.

అతన్ని పెంచింది మేనత్త జమ్ములమ్మ. ఆమెకు పిల్లలు లేరు. భర్త పోయాక ఆయన పుట్టిని తానే నడుపుతూ బతికింది. పుట్టి అంటే వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, అడుగున తారు పూసిన గుండ్రటి పడవ. దానికి ముందూ ఉండదు, వెనకా ఉండదు. తెడ్డు వేయడం రానివాడు ఎక్కితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది తప్ప అడుగు ముందుకు పోదు. ఏటి నడుమ నాగులదీవి అనే దీవి ఉండేది. ఊరివాళ్ళ చేలు కొన్ని అక్కడున్నాయి. మేకలూ అక్కడే మేసేవి. ఊరివాళ్ళను పొద్దున అక్కడ దించడం, సాయంత్రం తీసుకురావడం జమ్ములమ్మ పని.

మద్దిలేటికి పెళ్ళయ్యాక జమ్ములమ్మ అతన్ని పిలిచింది.

"ఒరే మద్దిలేటీ, నాకు వయసు మీద పడుతోంది. ఇక పుట్టి నువ్వు పట్టుకో" అంది.

"దానిదేముంది అత్తా! పుట్టినప్పటి నుంచి చూస్తున్నదేగా" అన్నాడు మద్దిలేటి.

మొదటిసారి తెడ్డు వేసినప్పుడు పుట్టి అతన్ని బొంగరంలా తిప్పింది. ఒడ్డున బట్టలుతికే ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వారు. అతని భార్య సుంకులమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మద్దిలేటికి పౌరుషం వచ్చింది. రోజూ ఏటికి వెళ్ళాడు. తెడ్డును దూరంగా ముంచి నీటిని తన వైపు లాక్కోవాలనీ, ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ మార్చాలనీ అర్థం చేసుకున్నాడు. ఒక ఉదయం పుట్టి తిరక్కుండా, ఒడ్డు పక్కనున్న నిలకడ నీటిలో నేరుగా సాగింది.

అతను తెడ్డు పైకెత్తి కేక వేశాడు. "అత్తా! తెలిసిపోయింది!"

జమ్ములమ్మ ఒడ్డున కూర్చుని ఆకు నములుతోంది. "నీకు తెలిసింది. నీ చేతికి ఇంకా తెలియలేదు. రేపు గాలిలో వేయి. ఎల్లుండి బరువు పెట్టుకుని వేయి. ఆ తర్వాత నడి ఏటిలో వేద్దువు గాని" అంది.

"కిటుకు ఒకటే కదా అత్తా! ఒడ్డున అయితే ఏం, నడుమ అయితే ఏం?"

మర్నాడు అతను రాలేదు. ఆ పై రోజూ రాలేదు. రచ్చబండ మీద కూర్చుని, పుట్టి ఎలా నడపాలో నలుగురికీ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పినంత మటుకు ఒక్క తప్పూ ఉండేది కాదు. పెద్ద నీళ్ళు వస్తే ముందు పుట్టిని ఒడ్డు వెంట ఎగువకు మోసుకుపోవాలనీ, అక్కడి నుంచి ఏటవాలుగా దాటాలనీ, ప్రవాహంతో పోట్లాడకూడదనీ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. విన్నవాళ్ళు తలలు ఊపేవాళ్ళు. జమ్ములమ్మ మాత్రం మునుపటిలా తానే పుట్టి నడుపుకునేది.

శ్రావణంలో వానలు బలంగా పడ్డాయి. ఒక రోజు రేవు మెట్ల మీద నాచుకు జమ్ములమ్మ కాలు జారింది. కుడి భుజం మీద పడింది. కట్టు కట్టే సాయిబు వచ్చి భుజానికి పసరు పట్టించి, చేతిని మెడకు వేలాడేలా గుడ్డ కట్టాడు. "కొన్నాళ్ళు ఈ చేతితో చెంబు కూడా ఎత్తొద్దు. ఎత్తావంటే భుజం ఇక నిలవదు" అని గట్టిగా చెప్పాడు.

పక్క ఊరి పుట్టివాడు కొన్నాళ్ళు రేవు చూస్తానని వచ్చాడు. ఒక రోజు పొద్దున అతను తన పుట్టిలో సుంకులమ్మను దీవికి దించి, చేపల మార్కెట్టుకు వెళ్ళిపోయాడు. సుంకులమ్మ చేలో కలుపు తీస్తోంది. మేకల తిమ్మయ్య తన మందతో దీవి మీదే ఉన్నాడు. మధ్యాహ్నం తలారి మోటారు సైకిలు మీద అరుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు.

"పైన డ్యాము గేట్లు ఎత్తారు! ఏటి దగ్గరికి ఎవరూ పోవద్దు! సాయంత్రానికల్లా నీళ్ళు ముంచుకొస్తాయి!"

ఆ మాట వినగానే మద్దిలేటికి దీవి మీదున్న భార్య గుర్తొచ్చింది. సుంకులమ్మ మెట్ట ఊరి పిల్ల. ఆమెకు ఈత రాదు. నీళ్ళంటే భయం. దీవిలో చేలున్న భాగమంతా పల్లం. అతను చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకు పరుగెత్తాడు.

అక్కడ జమ్ములమ్మ అప్పటికే పుట్టి పక్కన నిలబడి ఉంది.

"నేనూ వస్తున్నా" అంది.

"ఈ చేతితోనా? నువ్వు ఇంటికి పో అత్తా. నాకు వచ్చు కదా!"

జమ్ములమ్మ ఎడం చేత్తో అంచు పట్టుకుని పుట్టిలోకి దిగి కూర్చుంది. వాదించడానికి సమయం లేదు. మద్దిలేటి పుట్టిని నీటిలోకి తోశాడు.

నీరు అప్పుడే రంగు మారుతోంది. ఎర్రమట్టి కలిసి, నురగ తేలుతోంది. వెళ్ళేటప్పుడు ప్రవాహం ఇంకా అంత బలంగా లేదు. అయినా పుట్టి ఎన్నో చుట్లు తిరిగింది. చివరికి దీవికి దిగువ కొసన ఎలాగో తగులుకుంది. ఇంకాస్త జారి ఉంటే దీవే దాటిపోయేది. మద్దిలేటికి చెమటలు పట్టాయి. "చేరాం కదా" అన్నాడు. ఆ మాట అతను తనకు తానే చెప్పుకున్నట్టుంది.

సుంకులమ్మ నీళ్ళను చూసి గట్టు మీద బిగుసుకుపోయి నిలబడి ఉంది. తిమ్మయ్య తన మందను దీవి మీదున్న ఎత్తైన గుట్ట పైకి తోలుతున్నాడు.

"నా మేకల్ని వదిలి నేను రాను" అన్నాడు ముసలివాడు.

"గుట్ట మునగదులే మామా. నువ్వు రాకపోతే మేమూ కదలం" అంది సుంకులమ్మ. తిమ్మయ్య కళ్ళు తుడుచుకుని, అందిన ఒక మేకపిల్లను చంకలో పెట్టుకుని వచ్చాడు.

మద్దిలేటి, తిమ్మయ్య కలిసి పుట్టిని మోస్తూ దీవి ఒడ్డు వెంట ఎగువకు నడిచారు. నీరు చూస్తుండగానే గట్టెక్కుతోంది. సగం దూరం వెళ్ళాక మద్దిలేటి పుట్టిని దించాడు.

"ఇక్కడి నుంచి చాలు."

"చాలదురా, ఇంకా పైకి పోవాలి. ఇక్కడ దిగితే పులిగుండ్ల మీదికి పోతాం" అంది జమ్ములమ్మ.

పులిగుండ్లు ఏటి నడుమ ఉన్న పెద్ద బండరాళ్ళు. వాటి దగ్గర ప్రవాహం చీలి సుడులు తిరుగుతుంది.

"అంత దూరం పోయేలోపు నీళ్ళు నడుముల దాకా వస్తాయి. నేను లాగేస్తాలే అత్తా!" అన్నాడు మద్దిలేటి.

నలుగురూ ఎక్కారు. ఒడ్డు వదలగానే పుట్టిని ఎవరో చేత్తో పట్టి లాగినట్టయింది. మద్దిలేటి అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని తెడ్డు ముంచాడు. ఒడ్డున నిలకడ నీటిలో తెడ్డు మాట విన్నట్టు ఇక్కడ వినలేదు. నలుగురి బరువుకు పుట్టి లోతుగా దిగింది. పక్క నుంచి గాలి కొట్టింది. పుట్టి ఒక చుట్టు తిరిగింది. మరో చుట్టు తిరిగింది. దీవి ఒకసారి ఎదురుగా వచ్చింది, మరుక్షణం వెనక్కి పోయింది. ఎటు ఊరో, ఎటు దీవో అతనికి తెలియకుండా పోయింది.

"కుడికి వేయి! కుడికి!" అని అరిచింది జమ్ములమ్మ.

కుడికి వేయాలని అతనికి తెలుసు. రచ్చబండ మీద ఎన్నిసార్లు చెప్పాడో! కానీ భయంతో చేతులు ఎడమకే లాగాయి. పుట్టి ఇంకా వేగంగా తిరిగింది. సుంకులమ్మ కళ్ళు మూసుకుని పుట్టి అడుగును గోళ్ళతో పట్టుకుంది. మేకపిల్ల గొంతు చించుకుని అరిచింది. అంచు మీదుగా నీళ్ళు లోపలికి దూకాయి.

"మద్దిలేటీ, గుండ్లు!" అన్నాడు తిమ్మయ్య.

తల ఎత్తి చూస్తే, నల్లటి బండ ఒకటి నీళ్ళు చిమ్ముతూ వాళ్ళ మీదికే వస్తున్నట్టుంది. మద్దిలేటి చేతులు ఆగిపోయాయి. తెడ్డు పట్టుకుని ఉన్నాడు, అంతే. దాన్ని ఎక్కడ ముంచాలో తోచలేదు.

జమ్ములమ్మ మెడలోని గుడ్డను పళ్ళతో లాగి విప్పేసింది. మోకాళ్ళ మీద ముందుకు వచ్చి తెడ్డు లాక్కుంది. అతను ఆపబోయాడు. ఆమె మోచేత్తో పక్కకు నెట్టేసింది. రెండు చేతులతో తెడ్డును దూరంగా ముంచి ఒక్క లాగు లాగింది. ఆమె భుజంలో టక్కుమన్న చప్పుడు అందరికీ వినపడింది. మళ్ళీ ముంచింది. మళ్ళీ లాగింది. పుట్టి తిరగడం మానింది. బండకు జానెడు దూరంలో పక్కకు ఒరిగి, చీలిన ప్రవాహంలో పడి జారిపోయింది. సుడి దాటే దాకా ఆమె తెడ్డు ఆపలేదు.

ఊరికి బాగా దిగువన ఒక పొలం గట్టుకు పుట్టి తగులుకుంది. మద్దిలేటి, తిమ్మయ్య కిందికి దూకి అంచు పట్టుకున్నారు. అప్పుడు జమ్ములమ్మ తెడ్డు వదిలేసి వెనక్కి వాలింది. ఆమె ముఖం తెల్లగా పాలిపోయింది. చేయి గుడ్డపేలికలా వేలాడుతోంది.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీసి చూశాడు. ఎముక అతుక్కుంటుంది కానీ ఆ చేయి ఇక భుజం పైకి లేవదని చెప్పాడు. తెడ్డు సంగతి అడిగితే తల అడ్డంగా ఊపాడు.

మద్దిలేటి ఆమె మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నన్ను తిట్టు అత్తా" అన్నాడు.

"తిడితే నీ చేయి తిరుగుతుందా?"

"నాకన్నీ తెలుసు అత్తా. నువ్వు కుడికి అన్నప్పుడు కుడికే అనుకున్నా. చేయి పోలేదు."

"పోదురా. భయం వేసినప్పుడు తల పారిపోతుంది. చేయి ఒక్కటే నీ దగ్గరుంటుంది. దానికి అలవాటు చేయకపోతే అదేం చేస్తుంది పాపం!" అంది జమ్ములమ్మ. "నీళ్ళు తగ్గనీ. ఇంటికి పోయాక పొద్దున్నే ఏటికి రా" అంది.

వరద తీసింది. తిమ్మయ్య మేకలు గుట్ట మీద ఆకలితో అరుస్తూ కనిపించాయి. మద్దిలేటి పొద్దున్నే ఏటికి వెళ్ళాడు. జమ్ములమ్మ కట్టుచేతితో ఒడ్డున కూర్చుంది. మొదట ఖాళీ పుట్టితో తిప్పించింది. తర్వాత ఇసుక మూటలు వేయించింది. గాలి వీచే పూట ఇంట్లో కూర్చుంటే కబురు పెట్టి పిలిపించింది. కుడి చేయి ముందు పెట్టి వేయడం వచ్చాక ఎడమ చేయి ముందు పెట్టమంది. అప్పుడు మళ్ళీ మొదటి రోజులాగే పుట్టి గిరగిరా తిరిగింది. మద్దిలేటి అరచేతుల్లో బొబ్బలు లేచి చిట్లాయి. రాత్రి అన్నం కలుపుకుంటే కారం తగిలి మండేది. సుంకులమ్మ ముద్దలు చేసి పెట్టేది.

చాలాసార్లు అతనికి విసుగు పుట్టింది. చేసిన పనే చేయడం, పోయిన దారినే పోవడం. "తెలిసిపోయింది" అన్న మాట నాలుక కొస దాకా వచ్చేది. అత్త చేయి చూసి మింగేసేవాడు.

ఒక సాయంత్రం సుంకులమ్మను దీవి నుంచి తీసుకొస్తున్నాడు. ఆమె తన చెల్లెలి పెళ్ళి సంగతులు చెబుతోంది. పెళ్ళికొడుకు మేనమామ అలిగి పీటల దగ్గరికి రానన్నాడట. మద్దిలేటి పగలబడి నవ్వుతూ, "తర్వాత ఏమైంది? ఎట్ల వచ్చాడు?" అని అడుగుతున్నాడు. ఇంతలో పుట్టి రేవు మెట్లకు తగిలింది. అతను ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. ఏరంతా దాటేశాడు! ఎప్పుడు కుడికి వేశాడో, ఎప్పుడు ఎడమకు మార్చాడో ఒక్కటీ గుర్తులేదు.

జమ్ములమ్మ ఒడ్డు నుంచి లేచింది. చీర దులుపుకుని, "ఇక నేను రేపటి నుంచి రాను. నాకు ఇంట్లో బోలెడు పనుంది" అంది. అంతకుమించి మెచ్చుకోలేదు.

మరుసటి ఏడాది వానాకాలం మళ్ళీ పైన గేట్లు ఎత్తారు. ఈసారి అందరినీ ముందే దీవి నుంచి తెచ్చేశారు. తిమ్మయ్య మాత్రం మేకలతో గుట్ట మీద ఉంటానని మొండికేశాడు. నీరు గుట్ట మొదలుకు చేరిన పూట మద్దిలేటి సెల్‌ఫోను మోగింది.

"మద్దిలేటీ... పాము కరిచింది రా. కాలు బరువెక్కుతోంది" అన్నాడు తిమ్మయ్య. గొంతు అప్పటికే ముద్దగా ఉంది.

మద్దిలేటి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఒడ్డున నిలబడ్డవాళ్ళు వద్దన్నారు. ఏరు నిండుగా, బురదగా, చెట్ల కొమ్మలను మోసుకుంటూ పరుగెడుతోంది. అతను ఇద్దరి సాయంతో పుట్టిని ఎగువకు మోయించాడు. ఆ ఇద్దరూ "చాలదా?" అన్న చోట ఆగలేదు. రేవు కనుమరుగయ్యే దాకా నడిచి, అక్కడ నీటిలోకి దించాడు.

దీవికి చేరడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఒక ఎత్తు. తిమ్మయ్యను పుట్టి అడుగున పడుకోబెట్టాడు. ముసలివాడి కళ్ళు మూతలు పడుతున్నాయి. "మామా, మాట్లాడుతూ ఉండు! నీ మేకల పేర్లు చెప్పు!" అని అరుస్తూ తెడ్డు వేశాడు. తిమ్మయ్య గొణుగుతూ ఒక్కో పేరే చెప్పాడు. నడి ఏటిలో, వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన ఒక చెట్టు నీటి అడుగు నుంచి ఒక్కసారిగా పైకి లేచింది. దాని కొమ్మ పుట్టి అంచుకు గీసుకుంది. పుట్టి తిరగబోయింది. అయితే మద్దిలేటి భయపడేలోపే చేతులు తెడ్డును కుడికి ముంచేశాయి. పుట్టి ఒక్క అర చుట్టు తిరిగి నిలబడింది. చెట్టు పక్క నుంచి పోయింది. పులిగుండ్లు ఎక్కడో దిగువన తెల్లగా నురుగులు కక్కుతున్నాయి. పుట్టి వాటి దరిదాపులకు కూడా పోలేదు.

రేవు దగ్గర ఆటో సిద్ధంగా ఉంది. తిమ్మయ్యను ఆసుపత్రికి తీసుకుపోయారు. సమయానికి మందు పడింది. ముసలివాడు బతికాడు. కళ్ళు తెరవగానే మేకల గురించే అడిగాడు.

మద్దిలేటి తడిసి ముద్దయి ఇంటికి వచ్చాడు. జమ్ములమ్మ పొయ్యి ముందు కూర్చుని, ఎడం చేత్తో కొర్రన్నం కలియబెడుతోంది. ఊరంతా రేవుకు వచ్చింది కానీ ఆమె రాలేదు.

"ఏం అత్తా, చూడడానికైనా రాలేదే?" అన్నాడు.

"చూడాల్సిందేముంది? నువ్వు వస్తావని అన్నం పెట్టా. కాళ్ళు కడుక్కో" అంది జమ్ములమ్మ.

పిల్లలూ, ఒక పని ఎలా చేయాలో తెలియడం వేరు, ఆ పని చేతికి రావడం వేరు. చేయి తిరిగేదాకా సాధన చేసిన విద్యే ఆపదలో మనల్నీ, మనవాళ్ళనీ కాపాడుతుంది.